ఇంట్లో ఖాళీగా ఉన్న కరణం ఉద్యోగం

ఊళ్లలో కరణాల వ్యవస్థను ఎన్టీ రామారావు ప్రభుత్వం 1984లో రద్దు చేసింది. ఇటు మునసబులూ కరణాలూ, అటు తెలంగాణలో పటేళ్లూ పట్వారీలూ ఒక్క దెబ్బకు ఇంటికెళ్లారు. వెళ్లారన్నది అందరికీ తెలుసు గానీ, ఎవరింటికి వెళ్లారో ఎవరూ ఆరా తియ్యలేదు. మీ ఇంటికే వచ్చి ఉండొచ్చు. చూసుకోండి: కరెంటు సర్వీసు నంబరు దగ్గర్నుంచి అమ్మ వేసుకునే బీపీ మాత్రల దాకా ఇంటి సమాచారం గుట్టలుగా పడి ఉంది. దానికి చిట్టా లేదు, ఆవర్జా లేదు, అడిగే నాథుడు లేడు. ఉద్యోగం ఖాళీగా ఉంది. ఒక ల్యాప్‌టాపూ, ఒక డేటాబేసు సాఫ్ట్‌వేరూ, ఆదివారం మధ్యాహ్నం కునుకు మానుకునే ఓపికా ఉంటే ఆ పీట మీదే.

కాగితాలూ వస్తువులూ తొందరగా దొరకడానికే డేటాబేసు అని అమాయకులు అనుకుంటారు. దొరకడమే ముఖ్యమైతే బీరువా ఉంది, బీరువాలో బట్టల షాపు కవరుంది, కవర్లో అన్నీ ఉన్నాయి. అయిదు నిమిషాలు దులిపితే ఏదైనా బయటపడుతుంది. కరణం గొప్పతనం లెక్కలు రాయడంలో లేదు. ఆ లెక్కలు ఇంకొకరు చదవలేకపోవడంలో ఉంది. గొలుసుకట్టు రాతలో, పదానికీ పదానికీ మధ్య సందు లేకుండా, కలం ఎత్తకుండా రాసిన దస్తరం ముందు చదువుకున్నవాడు కూడా చేతులు కట్టుకుని నిలబడేవాడు. భూమి రైతుది, శిస్తు సర్కారుది, కానీ ఏ సర్వే నంబరు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెప్పే నోరు మాత్రం కరణానిది. ఇంటి డేటాబేసు పరమార్థం కూడా అదే. ఇది మనసులో పెట్టుకుని ముందుకు చదవండి.

మొదట సాఫ్ట్‌వేరు ఎంచుకోవాలి. ఇది తొందరపడి చెయ్యాల్సిన పని కాదు, ఏడాది పట్టినా ఫరవాలేదు. నోషనా, ఎయిర్‌టేబులా, అబ్సిడియనా, లేకపోతే ఎక్సెల్‌తో సరిపెట్టుకోవడమా అని రాత్రిళ్లు యూట్యూబులో వీడియోలు చూడండి. తెల్లటి గదిలో, ఒక మొక్కా ఒక ల్యాప్‌టాపూ తప్ప ఇంకేమీ లేని బల్ల ముందు కూర్చుని ఒక కుర్రాడు తన జీవితాన్ని ఎలా పద్ధతిలో పెట్టుకున్నాడో చెబుతుంటాడు. రేషను కార్డు ఎక్కడుందని ఆ గదిలో అతన్ని అడిగేవాళ్లెవరూ ఉండరు. ఆ విషయం మీరు పట్టించుకోకండి. మీ ఇల్లూ అలాగే ఉంటుందని నమ్మి అతని టెంప్లేటు దించుకోండి. అందులో ‘చదవాల్సిన పుస్తకాలు’, ‘ఉదయపు అలవాట్లు’, ‘అయిదేళ్ల కలలు’ అని పట్టికలుంటాయి. మునిసిపాలిటీ నీటిపన్ను రసీదుకు చోటుండదు. రసీదును ‘కలలు’ కింద పెట్టండి.

ఈ మార్గంలో మనకు పూర్వీకులు లేకపోలేదు. 1969లో అమెరికాలో నీమన్ మార్కస్ అనే ఖరీదైన దుకాణం తన క్రిస్మస్ కేటలాగులో ఒక వంటింటి కంప్యూటర్ను అమ్మకానికి పెట్టింది. తయారీ హనీవెల్ కంపెనీది. ధర 10,600 డాలర్లు. కూరగాయలు తరుక్కునే చెక్క కూడా దానికే అమర్చారు. వంటల వివరాలు దాచుకోవడం దాని ఉద్యోగం. కాకపోతే ఇంటావిడ దానితో మాట్లాడాలంటే రెండు వారాల శిక్షణ తీసుకోవాలి, ముందుభాగంలో ఉన్న మీటలు పైకీ కిందకీ నొక్కి ఒకట్లూ సున్నాలూ ఎక్కించాలి, వెలిగి ఆరే దీపాలను చూసి జవాబు చదువుకోవాలి. ఒక్కటి కూడా అమ్ముడుపోయిన దాఖలా లేదు. దాని లోపం ధర అనీ, దీపాలు అనీ చరిత్రకారులు అంటారు. నన్నడిగితే లోపం ఏమీ లేదు. వంట చేసేవాళ్లకు అర్థం కాని వంటల పుస్తకం తయారుచెయ్యడం మామూలు విషయం కాదు. యాభై ఏళ్లు దాటినా మన లక్ష్యం అదే.

ఎంచుకునేటప్పుడు ఒక్క నియమం తప్పకండి: లోపల పెట్టిన సమాచారం బయటికి తీసుకునే దారి లేనిదాన్నే తీసుకోండి. ఎప్పుడో ఒకప్పుడు కంపెనీ ఆపేసేదైతే మరీ మంచిది. మ్యాక్ కంప్యూటర్ల మీద ఇంటి అవసరాలకనే బెంటో అని ఒక డేటాబేసు 2008లో వచ్చింది. ఫైల్‌మేకర్ వాళ్లది. చూడముచ్చటగా ఉండేది. చిరునామాలూ, వంటలూ, ఇంటి సామాను జాబితాలూ అందులో కూర్చుకున్నవాళ్లు కూర్చుకున్నారు. 2013లో కంపెనీ దాన్ని ఆపేసింది. సాఫ్ట్‌వేరు కంపెనీ మీ ఇంటికంటే ఎక్కువకాలం ఉంటుందని నమ్మడం ఈ విద్యకు పునాది. అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ వాళ్లు డేటాను దీర్ఘకాలం భద్రపరచడానికి సిఫారసు చేసే పద్ధతుల్లో సీఎస్‌వీ అనే సాదా అక్షరాల ఫైలూ, ఎస్‌క్యూలైటు అనే ఉచిత డేటాబేసూ ఉన్నాయి. ఎస్‌క్యూలైటు మీ ఫోన్లోనే మీకు తెలియకుండా పనిచేస్తూ ఉంటుంది. సీఎస్‌వీ అయితే ఏ నోట్‌ప్యాడ్‌లోనైనా తెరుచుకుంటుంది, మీ మనవరాలు కూడా తెరవగలదు. అందుకే ఈ రెండింటి జోలికీ వెళ్లకండి. ఎవరైనా తెరవగలిగితే ఇంక కరణం ఎందుకు?

సాఫ్ట్‌వేరు కుదిరాక పట్టికలు గియ్యాలి. సమాచారం ఎక్కించడం కాదు, గియ్యడం. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్లు వెక్కిరిస్తారు గానీ, డేటాబేసు విద్యలో సోమలింగానికి ముందు పేరు పెట్టడమే శాస్త్రం. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో రాసిన ఒక వ్యాసంతో ఈ పట్టికల పద్ధతి మొదలైంది. ఏ విషయమైనా ఒక్కచోటే ఉండాలి, రెండోచోట అవసరమైతే దాన్ని వేలుపెట్టి చూపాలి తప్ప మళ్లీ రాయకూడదన్నది దాని సారాంశం. బ్యాంకులూ రైల్వేలూ దానివల్లే బతికి బట్టకడుతున్నాయి. కాబట్టి మన ఆవకాయ కూడా దానివల్లే బతకాలి.

ఎలాగో చూడండి. అటక మీద నాలుగు జాడీలున్నాయనుకుందాం. తెలివితక్కువవాడు ‘పెద్ద జాడీ – ఆవకాయ – అత్తయ్యగారు పంపింది’ అని జాడీ మీద చీటీ అంటిస్తాడు. మీరు అలా చెయ్యకూడదు. జాడీలకు ఒక పట్టిక: ఒక్కో జాడీకి ఒక నంబరు, ఎత్తు, రంగు, మూతకు పెచ్చు ఊడిందా లేదా. పచ్చళ్లకు ఇంకో పట్టిక: ఆవకాయ, మాగాయ, బెల్లమావకాయ, గోంగూర. పంపినవాళ్లకు మూడోది: అత్తయ్య, పిన్ని, ఎదురింటివాళ్లు. పైన ఏ జాడీలో ఏ పచ్చడి ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉందో చెప్పడానికి నాలుగోది. ఎందుకంటే ఒకే జాడీలో నిరుడు మాగాయ, ఈ ఏడు ఆవకాయ ఉండొచ్చు కదా. ఒక పచ్చడి రెండు జాడీల్లోకి సర్దినప్పుడు, అత్తయ్య ఇచ్చిన దాంట్లో పిన్ని ఇచ్చింది కలిపేసినప్పుడు ఏం చెయ్యాలో ఆలోచించడానికి ఒక వారం సెలవు పెట్టండి. ఇంతలో అన్నం ముందు కూర్చున్న పిల్లవాడు ‘అమ్మా, ఆవకాయ’ అంటే వాళ్లమ్మ ‘ఎడమవైపు జాడీ, మూత మీద గుడ్డ కట్టుంటుంది చూడు’ అని వంటింట్లోంచి అంటుంది. మీరు నాలుగు పట్టికలూ కలిపి ప్రశ్న రాసి, జవాబు వచ్చేసరికి పిల్లవాడు పెరుగన్నంలోకి వచ్చేసుంటాడు. తొందర మనుషుల కోసం శాస్త్రం ఆగదు.

‘ఇతరాలు’ అని ఒక విభాగం తప్పకుండా పెట్టండి. ఏడాది తిరిగేసరికి సగం ఇల్లు అందులోనే ఉంటుంది.

ఇక ఎక్కించడం. దీనికి ఎక్సెల్‌ను మించింది లేదు. అది మీరు రాసింది రాసినట్టు ఉంచదు. మీకంటే దానికి ఎక్కువ తెలుసు. మన ఊళ్లల్లో ఇంటి నంబర్లు ఎలా ఉంటాయో తెలుసు కదా: వార్డు, బ్లాకు, ఇల్లు, మధ్యలో గీతలు. మీది 3-5-12 అనుకోండి. చిరునామా గడిలో అలాగే కొట్టి ఎంటర్ నొక్కండి. అది 2012 మే 3 అయిపోతుంది. కంప్యూటరు అమెరికా పద్ధతిలో పెట్టి ఉంటే మార్చి 5 అవుతుంది. అయ్యో అని గడిని అక్షరాల పద్ధతికి మార్చారా, 41032 అని కనిపిస్తుంది. తారీఖులను ఎక్సెల్ 1900 జనవరి 1 నుంచి రోజుల లెక్కగా దాచుకుంటుంది, ఆ లెక్కలో మే 3 నంబరది. ఇప్పుడు మీ ఇల్లు 41032లో ఉంది. వెనక్కి వెళ్లే దారి లేదు. ముందుగా గడిని అక్షరాలకని చెప్పి ఉంటే, లేదా నంబరు ముందు ఒక్క ఒంటి కొటేషను గుర్తు పెట్టి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు. కాబట్టి ఆ గుర్తు పెట్టకండి. ఇదేమీ మన ఇళ్లకే పట్టిన గ్రహచారం కాదు. మార్చ్1 అని పేరున్న మనిషి జన్యువును కూడా ఎక్సెల్ మార్చి ఒకటో తారీఖు చేస్తూ వస్తే, జన్యువుల పేర్లు నిర్ణయించే అంతర్జాతీయ సంఘమే 2020లో అలాంటి జన్యువుల పేర్లు మార్చి పారేసింది. శాస్త్రవేత్తలు పేర్లు మార్చుకున్నారు. మీరు ఇల్లు మార్చుకోవచ్చు.

ఆధార్ నంబరు కూడా అలాగే నేరుగా కొట్టండి. పన్నెండు అంకెలు కదా, ఎక్సెల్‌కు చూపించడం బరువై ‘1.23457ఈ+11’ లాంటిది చూపిస్తుంది. బ్యాంకువాళ్లు ఫోనులో అడిగితే, ‘ఒకటి పాయింటు రెండు మూడు నాలుగు అయిదు ఏడు, ఈ ప్లస్ పదకొండు’ అని గంభీరంగా చదవండి. డెబిట్ కార్డు నంబరు పదహారు అంకెలు. ఎక్సెల్‌కు పదిహేను అంకెల దాకే జ్ఞాపకం. చివరిది ఏదైనా సరే సున్నా చేసేస్తుంది, చెప్పకుండా, అడక్కుండా. (కార్డు నంబర్లు అసలు షీట్లలో పెట్టకూడదని అనేవాళ్లుంటారు. నిజానికి ఇక్కడ ఎక్సెలే మీకు కాపలా కాస్తోంది.) హైదరాబాద్ ఎస్‌టీడీ కోడు 040 అని కొడితే 40 అవుతుంది. సున్నాలతో మొదలయ్యే బ్యాంకు ఖాతా నంబర్లకు తల పోతుంది. అన్నీ ఎక్కించి, కాగితాలు బీరువాలోంచి తీసి పాత పేపర్లవాడికి వేసెయ్యండి. డేటాబేసు ఉండగా కాగితాలెందుకు?

పేర్ల దగ్గర మన జాతికి ప్రత్యేకమైన ఆనందం ఉంది. ‘మొదటి పేరు’, ‘చివరి పేరు’ అని టెంప్లేటులో రెండు గడులుంటాయి. మన ఇంటిపేరు మొదట వస్తుంది, అసలు పేరు చివర వస్తుంది. ఏది ఎందులో పెట్టాలి? ఈ ప్రశ్నకు ఒక్కసారి జవాబిచ్చేసి అలాగే ఉండిపోకండి. నాన్నగారి విషయంలో ఇంటిపేరు మొదటి గడిలో పెట్టండి, మీ విషయంలో రెండోదాంట్లో, అమ్మ విషయంలో పుట్టింటిదో మెట్టినింటిదో అప్పటికి ఏది గుర్తొస్తే అది. పాన్ కార్డులో పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, పదో తరగతి సర్టిఫికెట్లో హెడ్మాస్టరు గారికి తోచినట్టు ఉన్నాయని మీకు తెలుసు. వెంకటేశ్వరరావు అనే పేరు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో ఆయన కాగితాలు వరసగా పరిస్తే తేలుతుంది. అవన్నీ విడివిడిగా, ఏ కాగితంలో ఎలా ఉందో ఉన్నది ఉన్నట్టు రాసుకుంటే రేపు పనికొస్తుంది. అందుకని అన్నిటినీ మీకు నచ్చిన ఒక్క స్పెల్లింగుకు సరిచేసెయ్యండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, పేరంతా ఒకే గడిలో కుక్కినవాళ్లకు అమెరికా వీసా మీద ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదు అని. మనవాళ్లు కొందరు ఆ దేశంలో ఏళ్ల తరబడి ఆ పేరుతోనే పిలిపించుకున్నారు. గడులతో ఆటలాడటంలో మనం ఎంత దూరం వెళ్లామో చెప్పడానికి ఈ సంగతి.

తారీఖులు ఇంకా రంజుగా ఉంటాయి. ముందు పుట్టినరోజులు. అసలు తారీఖు ఒకటి, బళ్లో వేసిన తారీఖు ఒకటి. డేటాబేసులో గడి ఒక్కటే. ఏదో ఒకటి పెట్టి, ఏది పెట్టారో మరిచిపోండి. ముత్తాత 1890ల్లో పుడితే ఆయనకు ఎక్సెల్‌లో జన్మే లేదు. 1900కు ముందు తారీఖు అనేది ఉంటుందని అది ఒప్పుకోదు. పైగా 1900ను లీపు సంవత్సరంగా లెక్కేసి, అసలు లేని ఫిబ్రవరి 29ని ఈనాటికీ చూపిస్తుంది. లోటస్ 1-2-3 అనే పాత సాఫ్ట్‌వేరు చేసిన తప్పు అది. దానితో సరిపోలాలని ఎక్సెల్ ఆ తప్పునే వారసత్వంగా తీసుకుంది.

తద్దినాల దగ్గరికొచ్చేసరికి అసలు కథ మొదలవుతుంది. తాతగారు పోయింది భాద్రపద బహుళ త్రయోదశి. డేటాబేసుకు మాసం తెలియదు, పక్షం తెలియదు, తిథి తెలియదు. కాబట్టి ఆయన పోయిన ఇంగ్లీషు తారీఖు ఎక్కించి, ‘ఏటా గుర్తుచెయ్యి’ అని నొక్కండి. ఆ తిథి మరుసటి ఏడాది దాదాపు పదకొండు రోజులు వెనక్కి పోతుంది. అధిక మాసం వచ్చిన ఏడు ముందుకు దూకుతుంది. వినాయక చవితినే చూడండి: 2022లో ఆగస్టు 31న వచ్చింది. 2023లో అధిక శ్రావణం పడి సెప్టెంబరు 18కి జరిగింది. తాతగారి తిథి కూడా అలాగే తిరుగుతూ ఉంటుంది. మీ ఫోను మాత్రం ఏటా అదే రోజున టింగుమంటుంది. ఆ పూట బ్రాహ్మణుణ్ణి పిలిచారా, ఆయన పంచాంగం తీసి ‘తిథి పోయిన వారమే వెళ్లిపోయింది బాబూ’ అంటాడు. అప్పుడు మీ షీటు ఆయనకు షేర్ చెయ్యండి. గోడ మీద తెలుగు క్యాలెండరు చూసి అమ్మ ఉగాదినాడే ఆ రోజు చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి పెట్టుకుందని మీకు తెలియనక్కర్లేదు.

ఆ క్యాలెండరు మీకు మొదటి శత్రువు. అందులో పాలవాడు రాని రోజుకు అడ్డగీత ఉంటుంది. గ్యాసు బుక్ చేసిన రోజున ‘గ్యా’ అని, సిలిండరు మార్చిన రోజున ‘మా’ అని ఉంటుంది. రెండు ‘మా’ల మధ్య రోజులు లెక్కపెడితే ఎప్పుడు బుక్ చెయ్యాలో తెలిసిపోతుంది. పనిమనిషి జీతం, అద్దె వచ్చిన రోజు, చిట్టీ పాట, పిల్లల ఫీజు, అన్నీ చిన్న గడిలో ఇమిడి ఉంటాయి. పాస్‌వర్డు లేదు, చార్జింగు లేదు, వంటింట్లోకి వెళ్లే ప్రతివాడికీ కనిపిస్తుంది, చేతికి అందే ఎత్తులో పెన్సిలు దారంతో కట్టి ఉంటుంది. మీ అధికారానికి ఇంతకంటే ముప్పు ఇంకోటి లేదు. ముందు ఆ పెన్సిలు దాచెయ్యండి. తరవాత ఇంటిల్లిపాదికీ ఒక యాప్ వేయించి, ఇకమీదట గ్యాసు సిలిండరు మార్చినవాళ్లు లాగిన్ అయి, కనెక్షను నంబరు ఎంచుకుని, తారీఖు వేసి, ఓటీపీ కొట్టి సేవ్ చెయ్యాలని చెప్పండి. ఆవాలు చిటపటలాడుతుండగా సిలిండరు అయిపోతే ఏం చెయ్యాలో అందులో చెప్పకండి.

సిలిండరు అంటే గుర్తొచ్చింది. దాని తలకాయ చుట్టూ ఉండే మూడు ఇనుప పట్టీల్లో ఒకదాని లోపలివైపు ‘సి-27’ లాంటి గుర్తు వేసి ఉంటుంది. ‘ఎ’ అంటే జనవరి నుంచి మార్చి, ‘బి’ ఏప్రిల్ నుంచి జూన్, ‘సి’ జులై నుంచి సెప్టెంబరు, ‘డి’ చివరి మూడు నెలలు. తరవాతది సంవత్సరం. ఆ గడువులోగా సిలిండరును మళ్లీ పరీక్షకు పంపాలి. గడువు దాటినది ఇంటికొస్తే తెచ్చినవాడితోనే తిప్పి పంపొచ్చు. స్టవ్వుకు తగిలించే ఆరెంజి రంగు గొట్టాన్ని అయిదేళ్లకోసారి మార్చాలి. ఇవి రెండూ వంగి చూస్తే తెలిసే సంగతులు. వంగకండి. ‘గ్యాసు భద్రత’ అని ఒక పట్టిక గీసి, దానికి ఎర్రరంగు పూసి, ఖాళీగా ఉంచండి. ఎర్రరంగు చూసినప్పుడల్లా భద్రంగా అనిపిస్తుంది.

వారంటీల విషయంలో మీ విద్య నలుగురికీ తెలిసే సందర్భం వస్తుంది. ఫ్రిజ్ మెకానిక్ హాల్లో నిలబడి బిల్లు అడుగుతాడు. ‘ఒక్క నిమిషం’ అని ల్యాప్‌టాప్ తెరవండి. అది అప్‌డేట్ చేసుకుంటానంటుంది. చేసుకోనివ్వండి. ‘ఎలక్ట్రానిక్స్’లో వెతకండి. అక్కడుండదు, ఎందుకంటే కొన్న రోజున ‘వంటిల్లు’ కింద పెట్టారు. వంటింట్లో ఉండదు, ఎందుకంటే పోయిన ఉగాదికి సాఫ్ట్‌వేరు మార్చినప్పుడు ఆ విభాగం ‘ఇతరాలు’లో కలిసింది. అక్కడ ‘స్కాన్ 47’ అనీ, ‘స్కాన్ 47 కొత్తది’ అనీ, ‘స్కాన్ 47 ఫైనల్’ అనీ మూడుంటాయి. మూడూ మీ బావమరిది పెళ్లి శుభలేఖే.

‘ఏమండీ, ఏం వెతుకుతున్నారు?’

‘ఫ్రిజ్ బిల్లు.’

‘టీవీ కింద సొరుగులో ఉంది. గృహప్రవేశం కార్డు కవర్లో పెట్టాను.’

మెకానిక్ ముందు మాట పడకూడదు. ‘అది కాగితం. నేను చూసేది రికార్డు’ అనండి. మెకానిక్ ఈలోగా కాగితం చూసి పని మొదలుపెట్టేసి ఉంటాడు.

ఇంకో చిన్న శత్రువు వాట్సాప్. మొగుడూ పెళ్లాలిద్దరే ఉన్న గ్రూపొకటి పెట్టుకుని, ‘ఇంటి కాగితాలు’ అని పేరు పెట్టి, కొన్న ప్రతిదాని బిల్లూ ఫొటో తీసి, కింద తెలుగులో ఒక ముక్క ‘ఫ్రిజ్ బిల్లు’ అని రాసి పడేసేవాళ్లున్నారు. రెండేళ్ల తరవాత ‘ఫ్రిజ్’ అని కొడితే దొరికేస్తుంది. అందులో డేటాబేసు లక్షణం ఒక్కటీ లేదు, దొరకడం తప్ప. అలాంటి ఇళ్లతో వియ్యమందకండి.

చివరగా తాళాలు. బ్యాంకు ఖాతాలు, ఎల్‌ఐసీ పాలసీలు, పీఎఫ్ యూఏఎన్ నంబరు, షేర్లు, లాకరు, ఊళ్లో అరెకరం పాసు పుస్తకం, ఇవన్నీ ఒక్క ఫైల్లో పెట్టి దానికి పాస్‌వర్డు వెయ్యండి. ఆ పాస్‌వర్డు ఎవరికీ చెప్పకండి. కాగితం మీద రాసి బీరువా లాకర్లో పెట్టడం మోటు పద్ధతి. ఓటీపీ మీ ఫోనుకే వచ్చేట్టు పెట్టండి, ఫోను మీ వేలిముద్రకే తెరుచుకునేట్టు పెట్టండి. వేలు మీ దగ్గరే ఉంటుంది కదా. బ్యాకప్ తియ్యాలంటారా? అదే ల్యాప్‌టాప్‌లో, అదే ఫోల్డరు పక్కన ఇంకో ఫోల్డరు చాలు. ‘నామినీ’ అని ఒక వరస పెట్టండి గానీ నింపకండి. ఖాతాకు నలుగురు నామినీలను పెట్టుకోవచ్చని 2025 నవంబరు 1 నుంచి చట్టం అవకాశమిచ్చింది. నలుగురిలో ఎవరెవరని తేల్చుకునేదాకా ఒక్కరినీ పెట్టకపోవడం న్యాయం.

డల్లాస్‌లో ఉన్న అబ్బాయి ఎప్పుడైనా ‘నాన్నా, మన ఖాతాలు ఏయే బ్యాంకుల్లో ఉన్నాయి? నాకూ అమ్మకూ ఒకసారి చెప్పరాదా’ అని అడుగుతాడు. నొచ్చుకోండి. ‘అన్నీ సిస్టంలో ఉన్నాయి’ అని ఫోను పెట్టెయ్యండి. వాళ్లమ్మ ఆ పక్కనే కూర్చుని మీ ముఖంలోకి చూస్తుంది. ఆవిడకు ఫ్రిజ్ బిల్లు ఎక్కడుందో తెలుసు, తాతగారి తిథి తెలుసు, ఆవకాయ ఏ జాడీలో ఉందో తెలుసు. ఆ ఒక్క ఫైల్లో ఏముందో మాత్రం తెలియదు. నలభై ఏళ్ల సంసారంలో ఆవిడకు తెలియని సంగతి ఒక్కటి సంపాదించారు. కరణీకం సిద్ధించింది.

ఈ సలహాలన్నీ తు.చ. తప్పకుండా పాటించిన ఇళ్ల కోసం ప్రభుత్వం కూడా ఒక ఏర్పాటు చేసింది. పదేళ్లపాటు ఎవరూ ముట్టుకోని బ్యాంకు డిపాజిట్లు రిజర్వు బ్యాంకు దగ్గరున్న ఒక నిధికి వెళ్లిపోతాయి. 2014లో పెట్టిన నిధి అది. డబ్బు ఎక్కడికీ పోదు, వారసులు వచ్చి రుజువు చూపిస్తే బ్యాంకు తిరిగి ఇస్తుంది. కాకపోతే ఏ బ్యాంకులో ఉందో వారసులకు తెలియాలి. అలా వెతుక్కోవడానికని 2023లో ఉద్గం అనే పోర్టల్ తెరిచారు. ఫోను నంబరుతో లాగిన్ అయి, ఖాతాదారు పేరు కొట్టి, పాన్ నంబరో, ఓటరు కార్డో, పాస్‌పోర్టో, పుట్టిన తారీఖో ఏదో ఒకటి ఇస్తే ఆ పేరు మీద దిక్కులేకుండా పడి ఉన్న ఖాతాలు కనిపిస్తాయి. ముందుగా మీ నాన్నగారి పేరు కొట్టి చూడండి. ఇంటిపేరు ముందొకసారి, వెనకొకసారి, పొడి అక్షరంతో ఒకసారి. పుట్టిన తారీఖు అడిగితే బళ్లో వేసిందీ, అసలుదీ, రెండూ ప్రయత్నించండి.